'మెస్సయ్య' కోరస్‌లలో పొడవాటి రన్స్: 'ఫర్ అంటు అస్' ఎందుకు చెదిరిపోతోంది?

రెండో_వరుస:

మా కోరస్‌లో హాండెల్ 'మెస్సయ్య' (బైబిల్ మాటలతో కోరస్‌కీ, సోలో గాయకులకీ, వాద్యాలకీ రాసిన పెద్ద రచన) మొదటి భాగం సాధన నడుస్తోంది. మొత్తం 34 మంది, పై గొంతు నుంచి కింది గొంతు వరకు: సొప్రానో 12, ఆల్టో 10, టెనర్ 5, బాస్ 7. 'అండ్ ద గ్లోరీ ఆఫ్ ద లార్డ్' నిలబడింది. 'ఫర్ అంటు అస్ ఎ చైల్డ్ ఈజ్ బార్న్' (ఏలయనగా మనకు శిశువు పుట్టెను) దగ్గరే ఇబ్బంది.

'బార్న్' మీద వచ్చే సెమీక్వేవర్ల (పావు బీట్ స్వరాల) రన్, అంటే ఒకే అచ్చు మీద సాగే స్వరాల పరుగు, మొదటి బార్ (నాలుగు బీట్ల కొలత) వరకు స్పష్టంగా ఉంటుంది. మూడో బార్‌కి వచ్చేసరికి స్వరాలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి జారుడుగా వినిపిస్తాయి. క్రాచెట్ 84 (నిమిషానికి 84 బీట్లు) దగ్గర మొదలుపెడితే 'వండర్‌ఫుల్' చేరేసరికి 76కి పడిపోతోంది. శ్రుతి కూడా దిగుతోంది. ప్రతి స్వరానికీ చిన్న 'హ' పెట్టమంటే స్పష్టత వచ్చింది కానీ నవ్వినట్టు వినిపిస్తోంది, పైగా ఊపిరి సగంలోనే అయిపోతోంది.

రెండు ప్రశ్నలు. ఇంత చురుకైన రన్ కోరస్‌కి రాయడంలో హాండెల్ ఉద్దేశం ఏమిటి? 'హల్లెలూయా'లో ఇలాంటిది లేదు కదా. రెండోది, సాధనలో ఏ క్రమంలో వెళ్తే ఇది కుదురుతుంది?

పాతప్రతి:

మీ మొదటి ప్రశ్నలోనే సగం జవాబు ఉందండీ. ఆ రన్ కోరస్ కోసం పుట్టింది కాదు. ఇద్దరు సొప్రానోలు, ఒక కంటిన్యూవో (బాస్ లైన్, కార్డులు వాయించే తోడు వాద్యాలు) కోసం హాండెల్ రాసుకున్న ఇటాలియన్ ద్వయగీతంలోది.

1741 జూలై 3 తేదీతో ఉన్న 'నో, ది వోయి నోన్ వో ఫిదార్మి' (హాండెల్ రచనల పట్టికలో హెచ్‌డబ్ల్యూవీ 189) మొదటి భాగమే 'ఫర్ అంటు అస్' అయింది. అదే ద్వయగీతం చివరి భాగం 'ఆల్ వి లైక్ షీప్'కి ఆధారం. దానికి రెండు రోజుల ముందు, జూలై 1న, రాసిన 'క్వెల్ ఫియోర్ కె అల్ల్ఆల్బా రీదె' (హెచ్‌డబ్ల్యూవీ 192) నుంచి 'హిజ్ యోక్ ఈజ్ ఈజీ', 'అండ్ హి షల్ ప్యూరిఫై' వచ్చాయి. 'మెస్సయ్య' రాయడం మొదలైంది ఆగస్టు 22న, ముగిసింది సెప్టెంబరు 14న. అంటే ఏడు వారాల కిందటి సంగీతం చేతికింద సిద్ధంగా ఉంది.

ఇది తెలిస్తే ఈ నాలుగు కోరస్‌ల అల్లిక ఎందుకు అలా ఉందో తెలుస్తుంది. 'ఫర్ అంటు అస్' స్కోరు తెరిచి ఒక్కసారి పైనుంచి కిందికి చూడండి. చాలాసేపు రెండే గొంతులు నడుస్తాయి. మొదట సొప్రానో, టెనర్ జంట. తర్వాత ఆల్టో, బాస్ జంట. ఒకరు పరుగెడుతుంటే ఇంకొకరు 'అంటు అస్ ఎ సన్ ఈజ్ గివెన్' అని చిన్న చిన్న ముక్కలు వేస్తుంటారు. నాలుగు గొంతులూ ఒక దిమ్మలా కలిసి నిలబడేది 33వ బార్‌లో, 'వండర్‌ఫుల్' దగ్గర. ఆ భాగం ద్వయగీతంలో లేదు, 'మెస్సయ్య' కోసం హాండెల్ కొత్తగా కట్టింది.

మాటల ఊనిక చూసినా ఈ బదిలీ కనిపిస్తుంది. ఇటాలియన్‌లో మొదటి మాట 'నో': గుడ్డి ప్రేమా, క్రూర సౌందర్యమా, మిమ్మల్ని నమ్మనుగాక నమ్మను అని గట్టిగా చెప్పే 'నో'. అక్కడ బరువు సహజం. అదే చోట ఇంగ్లిష్‌లో 'ఫర్' పడింది. తెలుగు బైబిల్‌లో యెషయా 9:6 మొదట వచ్చే 'ఏలయనగా' అన్నమాట అది. 'ఏలయనగా' మీద పిడికిలి బిగించి ఎవరూ చదవరు. 'శిశువు' మీదే ఊనుతారు. కాబట్టి 'ఫర్' తేలిగ్గా వదిలి, 'అస్' వైపు, 'చైల్డ్' వైపు వాలండి. రాసిన స్వరం పొడవు తగ్గించనక్కర్లేదు, బరువు తగ్గిస్తే చాలు.

గాయకుల సంఖ్య సంగతి కూడా చెప్పాలి. 1754లో లండన్ ఫౌండ్లింగ్ హాస్పిటల్ ప్రదర్శన లెక్కలు మిగిలి ఉన్నాయి. కోరస్ 19 మంది: ఆరుగురు బాలురు, 13 మంది పురుషులు. ఐదుగురు సోలో గాయకులు కూడా కోరస్‌లలో కలిసి పాడారు. అంటే మీ బృందం హాండెల్ బృందం కంటే పెద్దదే. 1784లో వెస్ట్‌మినిస్టర్ ఆబీలో 500 మందికి పైగా పాడి, వాయించిన స్మారకోత్సవం నుంచి 'మెస్సయ్య' అంటే భారీతనం అనే అలవాటు స్థిరపడింది. ఈ నాలుగు కోరస్‌లకు ఆ అలవాటే ఎక్కువ హాని చేసిందని నా అభిప్రాయం.

గాలిపెట్టె:

గొంతు వైపు నుంచి చెప్తాను.

'హ' ఎందుకు పనిచేయదంటే: క్రాచెట్ 84 దగ్గర సెకనుకు 5.6 సెమీక్వేవర్లు. ప్రతిదానికీ 'హ' పెడితే స్వరతంత్రులు సెకనుకు ఐదారుసార్లు విడిపోయి మళ్లీ కలవాలి. విడిన ప్రతిసారీ గాలి ఊరికే పోతుంది. మూడు బార్లకు పైగా సాగే రన్ అంటే తొమ్మిది, పది సెకన్లు. గాలి మూడో బార్‌లో అయిపోవడంలో ఆశ్చర్యం లేదు. గాలి తగ్గగానే ముందు వేగం, వెంటనే శ్రుతి పడిపోతాయి. మీరు చెప్పిన లక్షణాలకు మొదటి కారణం ఇది.

మీరు పట్టించుకోవాల్సిన రెండో కారణం దవడ. ప్రతి స్వరానికీ కింది దవడ కదుపుతూ స్వరాలు విడగొట్టాలని చూస్తారు. చూపుడు వేలు గడ్డం మీద తేలిగ్గా ఆనించి పాడమనండి. వేలు ఊగితే తప్పు వెంటనే వాళ్లకే తెలుస్తుంది.

సాధన క్రమం ఇలా పెట్టుకోండి.

ముందు ప్రతి బీట్ తొలి స్వరం మాత్రమే, క్రాచెట్లుగా, 'నా' అంటూ పాడించండి. రన్‌కి వెన్నెముక అదే. ఈ వెన్నెముక శ్రుతిలో లేకుండా మధ్య స్వరాలు ఎంత రుద్దినా లాభం లేదు. కింద 'జి' శ్రుతి ఆపకుండా మోగుతుండాలి. తేడా ఎక్కువగా 'బి', 'ఎఫ్ షార్ప్' దగ్గర వస్తుంది. పైనుంచి దిగేటప్పుడు ఈ రెండూ కిందికి వాలతాయి, కాబట్టి అక్కడ ఆగి సరిచూడండి.

తర్వాత 60 దగ్గర పూర్తి రన్, 'డు' అక్షరంతో. నాలుక స్వరాలను విడగొడుతుంది కాబట్టి ఎవరు ఏ స్వరం మింగుతున్నారో స్పష్టంగా దొరికిపోతారు. ఆపైన లయ మార్చి రెండుసార్లు: ఒకసారి పొడవు–పొట్టి, ఒకసారి పొట్టి–పొడవు. ఇది వయొలిన్ వాయించేవాళ్ల పద్ధతి, గొంతుకీ అంతే బాగా పనిచేస్తుంది.

అప్పుడు అసలు కీలకం. నాలుగు స్వరాలను 1-2-3-4 అని కాదు, 2-3-4-1 అని గుంపు చేయండి. రెండో స్వరంతో బయలుదేరి తర్వాతి బీట్ తొలి స్వరం మీద వాలాలి. మొదటి స్వరం మీద మోది ఆగే అలవాటు దీంతో పోతుంది. వేగం పడిపోవడానికి ఇంకో కారణం ఆ మోత. ప్రతి బీట్ దగ్గరా కాస్త కాస్త ఆగుతూ వెళ్తారు, ముప్పై బార్లలో ఆ కాస్తలన్నీ కలిసి 84ని 76 చేస్తాయి.

ఇంత అయ్యాకే అచ్చు మీద పాడించండి. 'బార్న్'లో పాడేది 'బా' మాత్రమే, ఆ, ఓల మధ్య అచ్చు, పెదవులు కొద్దిగా గుండ్రంగా. 'న్' చివరి స్వరం చివర మాత్రమే. కొందరు రన్ మధ్యలోనే ముక్కులోకి వెళ్లి 'న్' మొదలుపెడతారు, అప్పుడు ధ్వని మూత పెట్టినట్టు అయిపోతుంది. స్వరాన్నీ స్వరాన్నీ విడగొట్టేది పొట్ట దగ్గర పుట్టే చిన్న అదురు, గొంతు మూసుకోకూడదు. అకార సాధన అలవాటున్నవాళ్లకు ఇది త్వరగా వస్తుంది, అయితే స్వరాల మధ్య జారు రాకుండా చూసుకోవాలి. ఇక్కడ ప్రతి స్వరం మెట్టు మీద అడుగుపెట్టినట్టు సూటిగా ఉండాలి.

వేగం 60 నుంచి నాలుగేసి చొప్పున పెంచండి. ఒక సాధనలో మూడు మెట్లకు మించి వద్దు.

ఊపిరి విషయం: ఎవరూ బార్‌లైన్ దగ్గర తీసుకోకూడదు, ఎందుకంటే అందరికీ అక్కడే తీసుకోవాలనిపిస్తుంది. మీ 12 మంది సొప్రానోలకూ నలుగురేసి మూడు గుంపులుగా చోటు కేటాయించి కాపీల మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టించండి. గాలి తీసుకునేవాళ్లు బీట్ తొలి స్వరం పాడి, తర్వాతి రెండు సెమీక్వేవర్లు వదిలేసి, నాలుగో స్వరంతో మెల్లగా కలవాలి. తొలి స్వరం మాత్రం ఎప్పుడూ వదలకూడదు.

కంటిన్యూవో_చెల్లో:

వాద్యాల వైపు నుంచి ఒక మాట. కోరస్ వేగం తగ్గిందని అందరూ గాయకులనే అంటారు కానీ చాలాసార్లు తప్పు బాస్ లైన్‌ది. కింద చెల్లో, డబుల్ బాస్ క్వేవర్లను (అర బీట్ స్వరాలను) పొడవుగా, ఒకదానికొకటి అంటించి వాయిస్తే పైన సెమీక్వేవర్లకు ఆనుకునే గోడ ఉండదు. క్వేవర్ రాసిన పొడవులో సగానికి కాస్త ఎక్కువ మోగి ఆగాలి. హార్ప్సికార్డ్ అయితే కుడిచేతి కార్డులను ఆర్పెజియోగా (ఒక్కో స్వరంగా) విప్పకుండా బీట్ మీద ఒక్కసారిగా వేయాలి. ఆర్గన్ మాత్రమే ఉంటే ఎనిమిది అడుగుల స్టాప్ (రాసిన ఎత్తులోనే మోగే గొట్టాల వరుస) ఒకటి, కావాలంటే నాలుగడుగులది ఒకటి చాలు. ఒక స్థాయి కింద మోగే పదహారు అడుగుల పెడల్ స్టాప్ రన్ జరుగుతున్నంతసేపూ మూసి ఉంచండి.

సాధన పియానోతో చేస్తున్నారా? పియానో వాయించేవాళ్లు వోకల్ స్కోరులో గొంతుల లైన్లు కూడా వాయిస్తూ సాయం చేస్తుంటారు. మొదటి రెండు సాధనల తర్వాత అది మాన్పించండి. బాస్ లైన్, తేలికపాటి కార్డులు మాత్రమే ఉంచాలి. అప్పుడే కోరస్ తన లయ తాను పట్టుకుంటుంది.

టెంపో గురించి: హాండెల్ రాసింది 'ఆండాంటే అల్లెగ్రో'. నడక ఉండాలి, చురుకు ఉండాలి. హాల్లో ధ్వని రెండు సెకన్లు మోగుతూ ఉండిపోతే 84 కంటే 76 నయం, లేకపోతే ఎంత శుభ్రంగా పాడినా కలగాపులగమే. ధ్వని వెంటనే ఆగిపోయే పొడి హాల్లో 88 వరకు వెళ్లవచ్చు. 96 దగ్గర సెకనుకు 6.4 స్వరాలు. అది చిన్న వృత్తి బృందాల వేగం, దాన్ని ఆదర్శంగా పెట్టుకోకండి.

రెండో_వరుస:

చాలా ఉపయోగంగా ఉన్నాయండీ, ధన్యవాదాలు. 'డు' పద్ధతిలో స్వరాలు మింగేది సరిగ్గా ఎక్కడో తెలిసిపోతుందని ఇప్పుడు అర్థమైంది. ఇంకో రెండు సందేహాలు. టెనర్లు ఐదుగురే, వాళ్ల రన్ వినపడాలంటే గట్టిగా పాడాల్సి వస్తోంది, గట్టిగా పాడగానే బరువెక్కుతోంది. మరి మిగతా మూడు కోరస్‌లకూ ఇదే పద్ధతి సరిపోతుందా?

బార్‌లైన్:

టెనర్లను గట్టిగా పాడించకండి, ఎదురుగా ఉన్నవాళ్లను తగ్గించండి. పాతప్రతి గారు చెప్పిన ద్వయగీతం సంగతి ఇక్కడే అక్కరకొస్తుంది. ద్వయగీతంలో ఇద్దరూ సమానం, ఒకే ఎత్తు. కోరస్‌లో రెండో గొంతు టెనర్‌కి వెళ్తే ఒక అష్టకం (స్థాయి) కిందికి దిగుతుంది, పైన 12 మంది సొప్రానోలు ఉంటారు. కాబట్టి టెనర్ రన్ నడుస్తున్నప్పుడు పై చిన్న ముక్కలను సొప్రానోలలో ఆరుగురే పాడాలి. 'వండర్‌ఫుల్' దగ్గర పన్నెండుమందీ.

ఇంకో పద్ధతి రిలే. సొప్రానోలను రెండు జట్లు చేయండి. మొదటి జట్టు 1, 2 బీట్లు పాడి మూడో బీట్ తొలి స్వరం మీద ఆగుతుంది. రెండో జట్టు సరిగ్గా ఆ స్వరం మీదే మొదలై 3, 4 బీట్లు పాడి తర్వాతి బార్ తొలి స్వరం మీద అప్పగిస్తుంది. ఒక్క స్వరం ఇద్దరికీ ఉమ్మడి. ఊపిరి సమస్య పూర్తిగా పోతుంది.

మిగతా మూడింటికి ఒకే మందు పనికిరాదు.

'అండ్ హి షల్ ప్యూరిఫై' జి మైనర్. రన్‌ల కంటే రన్ తర్వాత ఏం జరుగుతుందన్నదే ఇక్కడ కష్టం. 'దట్ దే మే ఆఫర్ అంటు ద లార్డ్' దగ్గర అందరూ ఒకే లయలో కలవాలి. రన్ ముగించే గొంతు ఆలస్యమైతే ఆ కలయిక అక్కడే చెడుతుంది. ఆ నాలుగైదు బార్లు విడిగా తీసి, రన్ చివరి రెండు బీట్ల నుంచి కలయిక వరకు మాత్రమే పదిసార్లు చేయండి.

'హిజ్ యోక్ ఈజ్ ఈజీ' బి ఫ్లాట్ మేజర్. 'ఈజీ' మీద రన్. మూలంలో ఆ చోట 'రీదె', అంటే నవ్వుతుంది అన్నమాట ఉంది. తెల్లవారుజామున నవ్వే పువ్వు. ఇది గాయకులకు చెప్పి పాడించండి, గొంతులో బరువు దానంతట అదే తగ్గుతుంది. 'ఈ' అచ్చు పెదవులు సాగదీసి పాడితే కీచుగా మారుతుంది, లోపల 'ఊ'కి ఉన్నంత చోటు ఉంచి పైకి 'ఈ' పలకాలి. 'హిజ్ బర్దెన్ ఈజ్ లైట్'లో 'లైట్' పొట్టిగా, వదిలేసినట్టు. 'ట్' అందరూ ఒకేసారి పలకాలి.

'ఆల్ వి లైక్ షీప్' ఎఫ్ మేజర్, రెండో భాగంలోది. దీన్ని నేను మిగతావాటి కంటే గొప్పగా చూస్తాను. 'గాన్ అస్ట్రే' దగ్గర గొంతులు వేరువేరు దారుల్లోకి చెదిరిపోతాయి. 'టర్న్‌డ్' మీద సెమీక్వేవర్లు ఒకే చోట గిరగిరా తిరుగుతాయి. 'ఎవ్రీ వన్ టు హిజ్ ఓన్ వే' అంటూ ఒకే స్వరాన్ని మొండిగా పట్టుకుని నొక్కుతారు. తప్పిపోయిన గొర్రెల గుంపు సంగీతంలోనే కనబడుతుంది. ఆ హుషారంతా చివర అడాజియోలో (నెమ్మది భాగంలో) ఎఫ్ మైనర్‌లోకి ఒక్కసారిగా కూలుతుంది, 'అండ్ ద లార్డ్ హాత్ లెయిడ్ ఆన్ హిమ్' అని. ఎఫ్ మేజర్ భాగంలో రన్స్ భారంగా పాడితే ఈ మార్పుకి అర్థమే ఉండదు. అడాజియో ముందు నెమ్మదించకండి. చివరి బీట్ వరకు అదే చురుకులో వెళ్లి, అక్కడినుంచి కొత్త వేగం మొదలుపెట్టాలి.

పాతప్రతి:

రిలే పద్ధతిని నేను ప్రదర్శనకు సమర్థించను. సాధనకు మంచిదే. కానీ చెవి ఉన్న శ్రోతకు అతుకు తెలుస్తుంది, అప్పగించే స్వరం ప్రతిసారీ రెట్టింపు మందితో మోగుతుంది కాబట్టి. దానికంటే రన్ మొత్తాన్ని ఆరుగురు మంచి గాయకులకు అప్పగించడం మేలు. దీనికి ముందు ఉదాహరణ ఉంది. 1789లో మొజార్ట్ వియన్నాలో 'మెస్సయ్య'ను జర్మన్ మాటలతో మార్చి కూర్చినప్పుడు 'ఫర్ అంటు అస్' మొదటి భాగాన్ని సోలో గాయకులకే ఇచ్చి, 'వండర్‌ఫుల్' దగ్గర పూర్తి కోరస్‌ను దింపాడు. 'అండ్ హి షల్ ప్యూరిఫై'కీ సోలోలనే వాడాడు. అల్లిక ఇద్దరికి సరిపడేదని ఆయన కూడా గమనించాడన్నమాట.

బార్‌లైన్:

అతుకు మాట నిజమే. ఉమ్మడి స్వరాన్ని అప్పగించే జట్టు సగం బలంతో పాడితే అతుకు చాలావరకు కనబడదు, కానీ దానికి రెండు సాధనలు అదనంగా కావాలి. అంత సమయం లేకపోతే ఆరుగురి పద్ధతే తీసుకోండి. ఒక జాగ్రత్త: ఆ ఆరుగురూ ఒకే చోట నిలబడకూడదు. రెండేసి మందిగా వరుసలో మూడు చోట్ల ఉంటే ధ్వని కోరస్ మధ్యలోంచి వచ్చినట్టే ఉంటుంది.

గాలిపెట్టె:

'వండర్‌ఫుల్' ఎలా పాడాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి చేరుస్తున్నాను. అది నాలుగుసార్లు వస్తుంది. ప్రతిసారీ మాటకీ మాటకీ మధ్య విరామం ఉంటుంది, ఆ విరామంలో వయొలిన్లు ఒకదానికొకటి మూడో స్వరం దూరంలో జంటగా సెమీక్వేవర్లతో దూసుకుపోతాయి. అంతవరకూ గొంతులు చేసిన పరుగు ఇప్పుడు వయొలిన్లకు వెళ్లింది, గొంతులు నిలబడిపోయాయి. రన్‌కి పెట్టిన శ్రమంతా ఫలించేది ఈ తారుమారులోనే.

ఇక్కడ రెండు తప్పులు జరుగుతాయి. రన్స్‌లోనే పూర్తి బలం వాడేసినవాళ్లకు ఇక్కడ పెంచడానికి ఏమీ మిగలదు, అరుపుగా మారుతుంది. 32వ బార్ వరకు మధ్యస్థం కంటే తక్కువలోనే ఉంచండి. రెండోది, గాయకులు వయొలిన్లు వింటూ ఉండిపోయి 'కౌన్సెలర్' ఆలస్యంగా ఎత్తుకుంటారు. 'వండర్‌ఫుల్' చివరి 'ల్' విరామం మొదలయ్యే క్షణంలో ఆగాలి. విరామంలో గాలి తీసుకోవడం కూడా లయలోనే, క్వేవర్ ముందుగా జరగాలి. కోరస్‌తో ఆ విరామాల్లో వయొలిన్ సెమీక్వేవర్లను 'త-క-ది-మి' అని మెల్లగా పలికించండి. నాలుగైదుసార్లు పలికాక నోటితో మాని మనసులో అనుకోమంటే ఎత్తుగడలు సమయానికి పడతాయి.

రెండో_వరుస:

వచ్చే సాధనకు ఆరుగురి పద్ధతి, బాస్ క్వేవర్లు పొట్టిగా, 60 నుంచి 72 వరకు మూడు మెట్లు అని నిర్ణయించుకున్నాం. ఒక్కటి మాత్రం అడగాలి: 72 దగ్గర శుభ్రంగా ఉండి 76 దగ్గర మళ్లీ చెదిరితే 72కే ప్రదర్శించవచ్చా?

కంటిన్యూవో_చెల్లో:

ప్రదర్శించవచ్చు. 72 దగ్గర కూడా బార్‌ని నాలుగు బీట్లుగానే చూపించండి, చేత్తో ఎనిమిదిగా విడగొట్టవద్దు. నాలుగు చూపిస్తే నడకలా ఉంటుంది, ఎనిమిది చూపిస్తే అదే 72 ఈడ్చుకుంటున్నట్టు వినిపిస్తుంది. చెదిరేది 76 వల్లేనా అన్నది కూడా చూసుకోండి. 76 దగ్గర 'డు'తో ఒకసారి పాడించండి. 'డు'తో శుభ్రంగా వచ్చి 'బా'తో చెదిరితే వేగం తప్పు కాదు, దవడ మళ్లీ కదులుతోందని అర్థం.